పాలు తోడుకున్నట్టు ట్యాంకూ తోడుకోవాలి

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్లో ఉంటాం. మా బాబు ఏడో పుట్టినరోజుకి అక్వేరియం కొన్నాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. షాపతనే వచ్చి బిగించి, నీళ్ళు నింపి, అదే సాయంత్రం రెండు గోల్డ్ ఫిష్, రెండు ఏంజెల్స్, ఆరు నియాన్ టెట్రాలు, ట్యాంకు శుభ్రం చేస్తుందని ఒక సక్కర్ చేప వేసి వెళ్ళాడు. మూడో రోజుకి నీళ్ళు తెల్లగా మసకబారాయి. నియాన్లు చనిపోవడం మొదలైంది. షాపుకి ఫోన్ చేస్తే నీళ్ళన్నీ మార్చి, రాళ్ళు, ఫిల్టరు శుభ్రంగా కడగమన్నారు. అలాగే చేశాం. ఎనిమిదో రోజుకి సక్కర్ తప్ప ఏదీ మిగల్లేదు. మావి బోరు నీళ్ళు, మధ్యమధ్యలో మంజీరా కుళాయి నీళ్ళు వస్తాయి. "నేను మేత ఎక్కువేసి చంపేశానా అమ్మా?" అని బాబు అడుగుతున్నాడు. "ఆ పాపం మనకెందుకు, ఎవరికైనా ఇచ్చేయండి" అంటున్నారు మా అత్తగారు. మళ్ళీ మొదలుపెట్టాలా, మానేయాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

ముందు బాబుని పిలిచి ఒక మాట చెప్పండి. మిగతాది తర్వాత చదవచ్చు. ఆ చేపలు వాడి వల్ల చనిపోలేదు. వాడు ఒక్క పలుకు మేత వేయకపోయినా ఆ ట్యాంకులో అన్ని చేపలు బతికేవి కావు. ఏడేళ్ళ పిల్లాడు మనసులో ఇది పెట్టుకుని తిరగకూడదు.

ఏం జరిగిందంటే, చేప తినేదీ విసర్జించేదీ ఆ నీళ్ళలోనే. మొప్పల్లోంచి కూడా అది అమ్మోనియాని వదులుతూనే ఉంటుంది. చెరువులో అయితే అన్ని నీళ్ళలో అది ఏ మూలకో పోతుంది. మీ గాజు పెట్టెలో పోవడానికి చోటు లేదు. పాత ట్యాంకుల్లో ఈ అమ్మోనియాని తిని బతికే బ్యాక్టీరియా ఉంటుంది. ఫిల్టర్ స్పాంజి లోపల, రాళ్ళ మీద, గాజుకి అంటుకుని కాపురం చేస్తుంది. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అది కూడా విషమే, చేప రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి లేకుండా చేస్తుంది. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత ఉన్నా చేపలు తట్టుకుంటాయి, మొక్కలకైతే అదే ఎరువు.

మీ ట్యాంకు కొత్తది కాబట్టి అందులో ఈ బ్యాక్టీరియా లేదు. ఉన్న నాలుగూ పుట్టుకొచ్చే సమయానికి మీరు రాళ్ళు, ఫిల్టరు కడిగేశారు. చేపలు చివర్లో నీటి పైకి వచ్చి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకున్నాయి కదా? మొప్పలు ఎర్రగా కందిపోయి ఉండాలి. అది అమ్మోనియా పని. దీన్ని చేపలు పెంచేవాళ్ళు న్యూ ట్యాంక్ సిండ్రోమ్ అంటారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ చేపలు పోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. మూడో రోజు నీళ్ళు తెల్లబడటం మాత్రం వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, కదిలించకుండా ఉంచితే కొన్ని రోజుల్లో తనంతట తనే తేటపడుతుంది.

ఈ సంగతి మీ ఇంట్లో అందరికంటే ముందు మీ అత్తగారికి అర్థమవుతుంది, అడిగి చూడండి. గిన్నెలో పాలు పోసి వదిలేస్తే పెరుగు కాదు, తోడు వేయాలి. వేశాక కదపకూడదు. ఇంట్లో తోడు లేకపోతే పక్కింటికెళ్ళి చెంచాడు తెచ్చుకుంటాం. ట్యాంకూ అంతే, తోడుకోవాలి. తేడా ఏమిటంటే పెరుగు రాత్రికి రాత్రే అవుతుంది, ఈ బ్యాక్టీరియా ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు తీసుకుంటుంది. అందుకే తోడు లేకుండా మొదలుపెడితే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మీ అత్తగారి మాటని కొట్టిపారేయకండి. బతికించే ఏర్పాటు లేకుండా ప్రాణిని ఇంటికి తెచ్చుకోకూడదనే ఆవిడ చెప్పేది. నేనూ అదే అంటాను. అందుకే నా సలహా: మళ్ళీ మొదలుపెట్టండి, కానీ నెలపాటు చేపల షాపు వైపు వెళ్ళకండి.

సక్కర్‌ని మాత్రం ఈ వారమే షాపులో తిరిగి ఇచ్చేయండి. ఇప్పుడు మూడంగుళాలుంది కానీ అది అడుగున్నర దాకా పెరిగే చేప. బాబు చేత టేపు పట్టించి ట్యాంకు వెడల్పు కొలిపించండి, వాడికే తెలుస్తుంది. ట్యాంకు శుభ్రం చేస్తుందన్నది కూడా సగం మాటే. చిన్నప్పుడు కాస్త పాచి తింటుంది, పెద్దదయ్యే కొద్దీ అన్నిటికంటే ఎక్కువ మలం దానిదే. షాపువాళ్ళు తీసుకోకపోతే పెద్ద ట్యాంకు ఉన్నవాళ్ళకి ఇవ్వండి. ఎట్టి పరిస్థితుల్లోనూ చెరువులో వదలొద్దు. ఇది దక్షిణ అమెరికా చేప. ఇలా ఎవరో ఒకరు జాలిపడి వదిలినవే మన చెరువుల్లో, కాలువల్లో పెరిగి మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. దాని రెక్క ముల్లు గట్టిది, ఒంటి మీద పొలుసులు కవచంలా ఉంటాయి, తినడానికి కొనేవాళ్ళూ ఉండరు. వల చిరిగిన మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే.

ఇక ట్యాంకు సంగతి. మీరు చెప్పిన కొలతల ప్రకారం అంచుదాకా 85 లీటర్లు. రాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా 70 లీటర్ల నీళ్ళు ఉంటాయనుకోండి. మొదటి ట్యాంకుకి ఇది మంచి సైజు. చిన్న బౌల్ కొనకపోవడం మీరు చేసిన మంచి పని, ఎందుకంటే నీళ్ళు తక్కువయ్యే కొద్దీ చిన్న తప్పుని కూడా చేపలు తట్టుకోలేవు. గాజు, నీళ్ళు, రాళ్ళు కలిపి దాదాపు 100 కిలోలు. టీవీ యూనిట్ మీద పెట్టి ఉంటే ఇప్పుడే, ఖాళీగా ఉన్నప్పుడే, గట్టి స్టాండు మీదకి మార్చండి. అడుగున థర్మోకోల్ షీటు పరవండి. వాస్తు ప్రకారం ఏ మూల పెట్టాలని చాలామంది రాస్తారు. మీకు నమ్మకం ఉంటే ఆ మూలే పెట్టండి, కానీ కిటికీ ఎండ నేరుగా పడకుండా చూసుకోండి. ఎండ పడితే వారంలో గాజంతా ఆకుపచ్చగా పాచి పడుతుంది. ప్లగ్గు వైరు సాకెట్ కంటే కిందికి ఒక వంపు వేలాడేలా ఉంచండి. వైరు వెంట జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్లోకి వెళ్ళదు. పిల్లాడున్న ఇల్లు కాబట్టి, చెయ్యి నీళ్ళలో పెట్టే ముందు అన్నీ ఆఫ్ చేయడం ఇంటి నియమంగా పెట్టుకోండి.

నీళ్ళ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మన ఊళ్ళో అసలు చిక్కు అక్కడే ఉంది. మీ బోరు నీళ్ళకి బకెట్ అంచున తెల్ల చారలు, గీజరు రాడ్డుకి సున్నం పొర పడుతుంటాయి కదా. అంటే ఖనిజాలు ఎక్కువున్న నీళ్ళు. మీ ఆర్‌ఓ మిషన్ సర్వీసుకి వచ్చే అబ్బాయి దగ్గర నీళ్ళలో కరిగిన ఖనిజాల్ని కొలిచే టీడీఎస్ మీటరుంటుంది, మీ బోరు నీళ్ళకి అంకె ఎంత వస్తుందో ఒకసారి చూపించమనండి. 500, 600 దాకా ఉంటే నేను కింద చెప్పే చేపలు హాయిగా బతుకుతాయి. వెయ్యి దాటితే సగం బోరు, సగం మంజీరా కలపండి. మంజీరా రాని రోజున ఆర్‌ఓ నీళ్ళు కలపచ్చు. ఒట్టి ఆర్‌ఓ నీళ్ళతో మాత్రం ట్యాంకు నింపకండి, అందులో చేపకి కావాల్సిన ఖనిజాలు ఉండవు. మిషన్ నుంచి బయటికి వదిలే వేస్ట్ నీళ్ళు అసలే వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

మంజీరా అని అలవాటుగా అంటున్నాం కానీ నగరానికి ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి కృష్ణా, గోదావరి నీళ్ళు. ఏ నది నీళ్ళయినా కుళాయికి వచ్చేసరికి క్లోరిన్ కలిసి ఉంటుంది. మనకి మంచిది, చేప మొప్పలకీ మన బ్యాక్టీరియాకీ చేటు. బకెట్లో పట్టి, ఎయిర్ పంపు గొట్టం వేసి ఒక రోజంతా వదిలేస్తే చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి, సీసా మీద రాసినంతే వేయండి. షాపుల్లో దీంతో పాటు ఒక నీలం మందు కూడా చేతిలో పెడతారు. అది ఫంగస్ మందు, క్లోరిన్‌కి సంబంధం లేదు. పైగా మీరు పెంచాలనుకునే బ్యాక్టీరియాని దెబ్బతీస్తుంది. జబ్బు లేనప్పుడు దాన్ని ట్యాంకులో వేయకండి.

ఇంకొక జాగ్రత్త అపార్ట్‌మెంట్ల వాళ్ళకి. సంపు కడిగిన రోజు వాచ్‌మన్ బ్లీచింగ్ పౌడర్ వేస్తాడు. ఆ రెండు రోజులు కుళాయి నీళ్ళు ట్యాంకులో పోయొద్దు. వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచితే, వేసే రోజు మీకు ఒక మాట చెబుతాడు.

ఇప్పుడు నెల రోజుల పని. రాళ్ళు కడిగి పరవండి. రంగు రంగుల గులకరాళ్ళ కంటే మామూలు నదీ గులకరాళ్ళు నయం. ఫిల్టర్ విషయంలో ఖరీదైనదేదీ అక్కర్లేదు, ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ పెట్టండి. ఇందులో మోటారు నీళ్ళలో ఉండదు, స్పాంజి నిండా బ్యాక్టీరియాకి ఇళ్ళు ఉంటాయి. పంపుని నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టం ద్వారా వెనక్కి వచ్చి పంపులో పడతాయి. ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో ఉంటే మరీ మంచిది.

నీళ్ళు నింపి, ఫిల్టర్ పగలూ రాత్రీ నడవనివ్వండి. రోజూ ఒకసారి చిటికెడు మేత నలిపి వేయండి. చేపలు లేకుండా మేతెందుకని బాబు అడుగుతాడు. ఆ మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియాకి అదే అన్నం అని చెప్పండి. ఈ పని వాడికే అప్పగించండి. ఒకసారి చేతులు వణికిన పిల్లాడు మళ్ళీ ధైర్యంగా మేత వేయడానికి ఇదే సరైన దారి, ఎందుకంటే ఇప్పుడు కాస్త ఎక్కువ పడినా చచ్చిపోయేది ఏదీ లేదు.

తోడు దొరుకుతుందేమో కూడా కనుక్కోండి. మీ చుట్టుపక్కల ఎవరింట్లోనైనా ఏడాదిగా చేపలు బాగా బతుకుతున్న ట్యాంకు ఉంటే, వాళ్ళ పాత స్పాంజి ముక్క ఒకటి అడగండి. ఆ ట్యాంకు నీళ్ళలోనే ముంచి తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెట్టండి. ఆరు వారాల పని రెండు మూడు వారాల్లో అయిపోవచ్చు. చేపలు జబ్బుపడిన ట్యాంకు నుంచి, షాపు ట్యాంకు నుంచి తెచ్చుకోవద్దు, తోడుతో పాటు జబ్బూ వస్తుంది.

ఈ నెలలో మీకు తప్పకుండా కావాల్సింది అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష కిట్టు. ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఫిల్టర్ మీద మిగుల్చుకున్న డబ్బు దీని మీద పెట్టండి. చిన్న గాజు గొట్టంలో ట్యాంకు నీళ్ళు తీసుకుని, చుక్కలు లెక్కపెట్టి వేసి, ఊపి ఐదు నిమిషాలు ఆగాలి. అమ్మోనియా కిట్లలో సాధారణంగా నిమ్మపండు పసుపు రంగు వస్తే సున్నా. లేత ఆకుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చకి వెళ్ళే కొద్దీ అమ్మోనియా పెరిగినట్టు. రెండు రోజులకోసారి బాబు చేత చేయించి, ఒక నోటుబుక్కులో తేదీ వేసి రంగు పెన్సిల్‌తో ఆ రంగే దిద్దమనండి. మొదటి పది రోజుల్లో ఆకుపచ్చ పెరుగుతుంది. తర్వాత అది తగ్గుతుంటే నైట్రైట్ పెరుగుతుంది. అది అన్నిటికంటే మొండిది, రెండు వారాలు కదలనట్టే ఉంటుంది. ఒకరోజు అదీ పడిపోతుంది. రోజూ మేత వేస్తున్నా వరుసగా మూడు పరీక్షల్లో రెండూ సున్నా వచ్చాయంటే ట్యాంకు తోడుకున్నట్టు. అప్పుడు సగం నీళ్ళు మార్చి చేపలకి సిద్ధం చేయండి.

ఈలోగా మొక్కలు పెట్టుకోవచ్చు. వాలిస్నేరియా మన కఠినపు నీళ్ళకి బాగా పెరుగుతుంది. అదీ వద్దనుకుంటే బాల్కనీలో ఉన్న మనీ ప్లాంట్ కొమ్మ ఒకటి తెచ్చి, ఆకులు పైన, వేళ్ళు నీళ్ళలో ఉండేలా ట్యాంకు అంచుకి తగిలించండి. నెలలో తెల్లటి వేళ్ళు జల్లెడలా దిగి నైట్రేట్‌ని లాగేస్తాయి.

చేపల ఎంపికలో మీకు జరిగిన అన్యాయం ఇంకొకటుంది. అమ్మోనియా సమస్య లేకపోయినా ఆ నాలుగు రకాలూ ఒకచోట ఉండాల్సినవి కావు. గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ళ చేప, అరచేతికి మించి పెరుగుతుంది, బాగా చూసుకుంటే పదేళ్ళకి పైగా బతుకుతుంది. చాలా మలం వేస్తుంది. మీ 70 లీటర్లు దానికి చాలవు. నియాన్ అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్ళ చేప, అంటే ఖనిజాలు తక్కువున్న నీళ్ళది, మన బోరు నీళ్ళు దానికి కష్టం. ఏంజెల్ పెద్దదయ్యాక నోట్లో పట్టే నియాన్‌ని మింగేస్తుంది.

మీ నీళ్ళకి తగినవి గప్పీ, ప్లాటీ, మోలీ. మూడూ ఖనిజాలున్న నీళ్ళని ఇష్టపడేవే. వీటిలో మోలీ కాస్త పెద్దది, మీ ట్యాంకుకి గప్పీ, ప్లాటీ చాలు. మొదట మగ గప్పీలు ఐదు వేయండి. రెండు వారాలు రోజు విడిచి రోజు పరీక్ష చేయండి. సున్నాలే వస్తుంటే నాలుగు ప్లాటీలు, అవీ అన్నీ మగవే. ఇంకో నెల గడిచాక మరో మూడు గప్పీలు. పన్నెండు దగ్గర ఆగిపోండి. మగవే అని ఎందుకంటున్నానంటే ఆడ గప్పీ షాపు నుంచే కడుపుతో వస్తుంది, నెలకోసారి ఇరవై ముప్ఫై పిల్లల్ని పెడుతుంది, పక్కన మగ చేప లేకపోయినా కొన్ని నెలలు పెడుతూనే ఉంటుంది. పిల్లల్ని చూసి బాబు మురిసిపోతాడు కానీ ఆర్నెల్లలో మీకు చోటుండదు. గప్పీలు నచ్చకపోతే జీబ్రా డానియోలు ఆరు తీసుకోండి. మన ఉపఖండపు వాగుల చేప, ఒంటి నిండా నీలం చారలు, క్షణం కుదురుగా ఉండదు. ప్రపంచమంతటా ల్యాబుల్లో శాస్త్రవేత్తలు పెంచేది ఇదే. చలికాలంలో హీటర్ లేకపోయినా ఓర్చుకుంటుంది. గప్పీలకైతే డిసెంబరు, జనవరి రాత్రులకి చిన్న హీటరుంటే మంచిది. డానియో గెంతుతుంది, ట్యాంకుకి మూత తప్పనిసరి.

మేత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో అయిపోయేంత. చేప కడుపు దాని కన్నంత ఉంటుందని బాబుకి చెబితే చేతికి కొలత దొరుకుతుంది. వారానికి ఒక రోజు మేత మానేసినా ఏమీ కాదు.

వారానికోసారి ఒక బకెట్ నీళ్ళు తీసి, క్లోరిన్ పోయిన నీళ్ళు ఒక బకెట్ పోయాలి. అంతకంటే ఎక్కువ శుభ్రం వద్దు. ఇది మనసు కష్టపెట్టుకుని చెబుతున్న మాట. నా మొదటి ట్యాంకు ఏడాది చక్కగా నడిచింది. ఒక పండక్కి ముందు ఇల్లు కడుగుతూ, స్పాంజి గోధుమరంగు జిడ్డుతో కనబడితే కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను. పండగ మూడో రోజు పొద్దున తొమ్మిది చేపలు పైకి తేలి ఉన్నాయి. ఆ జిడ్డే వాటి ప్రాణమని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు నెలకోసారి, ట్యాంకులోంచి తీసిన బకెట్ నీళ్ళలోనే స్పాంజిని రెండు మూడు సార్లు మెల్లగా నొక్కుతాను. నీళ్ళు ఫిల్టర్ కాఫీ రంగులోకి రాగానే ఆపేస్తాను. స్పాంజి ఇంకా మురికిగానే ఉంటుంది, అలాగే లోపల పెట్టేస్తాను. ఆ బకెట్ నీళ్ళు కరివేపాకు మొక్కకి పోయండి, ఆకు ఎంత నల్లగా వస్తుందో చూడండి.

ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నాలు మూత కాస్త తెరిచి, మీద జాలీ వేసి, చిన్న టేబుల్ ఫ్యాను నీటి పైకి తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు.

చేపల్ని కొనే రోజు సంగతి చెప్పి ముగిస్తాను. ఆదివారం వెళ్ళొద్దు, రద్దీలో ఎవరూ మీకు జవాబు చెప్పరు. వారం మధ్యలో సాయంత్రం బాబుని తీసుకుని వెళ్ళండి. స్టాకు ఎప్పుడొచ్చిందని అడగండి. నిన్ననే వచ్చిందంటే కొనకుండా తిరిగి రండి. ప్రయాణంలో నలిగిన చేపల్లో పోయేవి మొదటి వారంలోనే పోతాయి, అవి పోయేదేదో షాపులో తేలాక మిగిలిన గట్టివాటిని తెచ్చుకోండి. ఆ ట్యాంకులో ఒక్క చచ్చిన చేప కనబడినా, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నా, రెక్కలు ముడుచుకుని ఉన్నా అందులోంచి తీసుకోకండి. ముందు మేత వేయమనండి, ఎగబడి తినేవాటినే పట్టి ఇమ్మనండి. ఇంటికొచ్చాక కవరు ముడి విప్పకుండా ఇరవై నిమిషాలు ట్యాంకు నీళ్ళ మీద తేలనివ్వండి. తర్వాత ముడి విప్పి, ఐదు నిమిషాలకోసారి చిన్న గ్లాసుతో ట్యాంకు నీళ్ళు కవర్లోకి పోస్తూ అరగంట గడపండి. షాపు నీళ్ళు ట్యాంకులో కలవకుండా వలతో చేపని ఎత్తి వదలాలి. వల బాబు చేతికివ్వండి, కింద మీ చెయ్యి పట్టుకుని ఉండండి. ఆ రాత్రి లైటు వేయొద్దు, మేత వద్దు.